దుకాణంలో ఒక రంగు, ఎండలో మరో రంగు: ఎందుకు?

ధర్మవరం పట్టుచీరల్లో పడుగు ఒక రంగు, పేక మరో రంగు ఉండటం మామూలే. చీర కదిలితే రంగు మారినట్టు అనిపించేది అందుకే. కానీ దుకాణంలో చూసిన రంగు ఎండలో వేరుగా కనిపిస్తే దానికి కారణం నేత కాదు, దీపం.

వస్తువు తన మీద పడిన వెలుగులో కొంత పీల్చుకుని, మిగిలింది వెనక్కి పంపుతుంది. కంటికి తెలిసే రంగు ఆ మిగిలిందే. ఎండలో అన్ని రంగులూ ఉంటాయి. పాత ఫిలమెంట్ బల్బులో నీలం తక్కువ, చవక ఎల్‌ఈడీలో ముదురు ఎరుపు తక్కువ. దీపంలో లేని ఎరుపును చీర ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఒక దీపం కింద ఒకేలా ఉన్న రెండు దారాలు మరో దీపం కింద వేరుగా తేలడమూ ఉంది. దాని పేరు మెటామెరిజం.

ఇంట్లో ఫొటోలు ముద్రించేవారికీ ఇదే చిక్కు. ముద్రణ రంగం 5000 కెల్విన్ల తెల్లని వెలుగును ప్రమాణంగా పెట్టుకుంది. దీపం రంగులను ఎంత సరిగ్గా చూపుతుందో చెప్పే సీఆర్ఐ 90 దాటితే మంచిది. ముదురు ఎరుపు సంగతి చెప్పే ఆర్9 ఆ లెక్కలో చేరదు, విడిగా చూసుకోవాలి. పచ్చగోడ తన ఛాయను కాగితం మీద పడేస్తుంది కనుక గోడకు బూడిద రంగే నయం. ఫొటోను ఎండలోనే చూద్దామంటే అనంతపురంలో ఎండకు కొదవలేదు గానీ, పొద్దును బట్టి దాని రంగు మారుతుంది. పైగా అచ్చు వెలిసిపోతుంది.