చప్పట్లు మోగని సంగీత సభ
తిరువనంతపురం నవరాత్రి మండపంలో తొమ్మిది సాయంత్రాలు.. తొమ్మిది రాగాలు

రాగం పతాకస్థాయికి చేరుతుంది. మృదంగం, ఘటం పోటాపోటీగా పలికి ఒక్కసారిగా ఆగిపోతాయి. మరే సభలోనైనా ఆ క్షణంలో కరతాళధ్వనులు మిన్నంటుతాయి. ఇక్కడ మాత్రం నిశ్శబ్దమే. శ్రోతలు చేతులు కదపరు. తల పంకించి, కళ్లు మూసుకుని ఊరుకుంటారు. తిరువనంతపురంలోని నవరాత్రి మండపంలో తరతరాలుగా సాగుతున్న ఆచారమిది.

శబరిమల, కన్యాకుమారి యాత్రలకు తరలివెళ్లే తెలుగువారిలో చాలామంది దారిలో అనంత పద్మనాభస్వామిని దర్శించుకుంటారు. ఆలయం వెలుపలికి వచ్చి, తూర్పు కోట వద్ద నాలుగు వస్తువులు కొనుక్కుని తిరుగు ప్రయాణమవుతారు. కూతవేటు దూరంలో, కుతిరమాళిక రాజభవనాన్ని ఆనుకుని, ఒక చారిత్రక సంగీత వేదిక ఉన్న సంగతి వారిలో తెలిసినవారు తక్కువ. ఏటా సెప్టెంబరు, అక్టోబరు మాసాల్లో వచ్చే శరన్నవరాత్రుల్లో ఆ వైపు వెళ్లే యాత్రికులు ఒక్క సాయంత్రం అక్కడ గడిపితే, కర్ణాటక సంగీతం కచేరిగా కాక పూజగా ఎలా ఉంటుందో ప్రత్యక్షంగా తెలుసుకోవచ్చు.

ఏనుగుపై వచ్చే శారదాదేవి

ఈ ఉత్సవం మూలాలు పద్మనాభపురంలో ఉన్నాయి. ఒకప్పుడు తిరువాంకూరు రాజ్యానికి అదే రాజధాని. అక్కడి కోటలోని సరస్వతీ విగ్రహం తమిళ మహాకవి కంబడు పూజించినదని స్థానికుల విశ్వాసం. పద్మనాభపురం ప్యాలెస్‌లో నల్లరాతి స్తంభాలతో కూడిన నవరాత్రి మండపాన్ని నేటికీ చూడవచ్చు. దేవి ఎదుట సంగీత నృత్యాలు జరిగిన చోటు అది. అంతఃపుర స్త్రీలు వాటిని కొయ్య జాలీల వెనుక నుంచి తిలకించేవారు.

18వ శతాబ్ది చివర ధర్మరాజుగా పేరొందిన కార్తీక తిరునాళ్ రామవర్మ కాలంలో రాజధాని తిరువనంతపురానికి మారింది. కాలక్రమంలో ఉత్సవమూ తరలివచ్చింది. దేవి నివాసం మాత్రం మారలేదు. నవరాత్రులకు ముందు సరస్వతీ విగ్రహాన్ని సంప్రదాయానుసారం ఏనుగుపై ఊరేగింపుగా తిరువనంతపురానికి తెస్తారు. వేలిమల కుమారస్వామి వెండి గుర్రంపైన, శుచీంద్రం నుంచి మున్నూట్టి నంగ అమ్మవారు పల్లకీలోనూ వెంట వస్తారు. 50 కిలోమీటర్లకు పైబడిన ఈ దారిలో ఊరూరా జనం హారతులతో ఎదురేగుతారు. నగరానికి చేరాక కుమారస్వామిని ఆర్యశాల ఆలయంలో, మున్నూట్టి నంగను చెందిట్ట ఆలయంలో, సరస్వతిని నవరాత్రి మండపంలో ప్రతిష్ఠిస్తారు.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు పద్మనాభపురం తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో చేరింది. ప్యాలెస్ నిర్వహణ మాత్రం కేరళ ప్రభుత్వం చేతిలోనే ఉంది. ఆ విధంగా ఈ ఊరేగింపు రెండు రాష్ట్రాల ఉమ్మడి పండుగయింది. ఊరేగింపునకు ఉభయ రాష్ట్రాల పోలీసులూ గౌరవ వందనం సమర్పిస్తారు.

రోజుకో రాగం

నవరాత్రి కచేరీలకు నేటి రూపం స్వాతి తిరునాళ్ మహారాజు కృతులతో ఏర్పడింది. 1813లో జన్మించిన ఆయన 1829 నుంచి 1846లో మరణించే వరకు తిరువాంకూరును పాలించారు. జీవించినది 33 సంవత్సరాలే అయినా సంస్కృతం, మలయాళం, తెలుగు, కన్నడం, హిందుస్థానీ భాషల్లో కృతులు రచించారు. ఆయన ఆస్థానంలో తంజావూరు నృత్యాచార్య సోదరుల్లో ఒకరైన వడివేలు, మహారాష్ట్ర కథాగాన విద్వాంసుడు మేరుస్వామి ఉండేవారు. త్యాగరాజస్వామి శిష్యుడు కన్నయ్య భాగవతార్ కూడా ఆ ఆస్థానంలో ఆదరణ పొందారు.

నవరాత్రుల కోసం స్వాతి తిరునాళ్ సంస్కృతంలో తొమ్మిది కృతులు కూర్చారు. ఏ రోజు ఏ రాగమన్నది మారదు. మొదటి రోజు శంకరాభరణం. తరువాత వరుసగా కల్యాణి, సావేరి, తోడి, భైరవి, పంతువరాళి, శుద్ధ సావేరి, నాటకురంజి. చివరి రోజు ఆరభి.

ఈ వరుసలో తెలుగువారికి పరిచయమైన రాగాలు చాలానే ఉన్నాయి. 1980లో వచ్చిన చలనచిత్రంతో శంకరాభరణం పేరు ఇంటింటికీ చేరింది. త్యాగరాజ పంచరత్న కృతుల్లో ఒకటి ఆరభిలోనిదే. రాగాల ఎంపికలో మరో విశేషమూ కనిపిస్తుంది. తొమ్మిదింటిలో శంకరాభరణం, కల్యాణి, తోడి, పంతువరాళి మేళకర్త రాగాలు. తక్కినవి జన్య రాగాలు. ఏడో రోజు పాడే శుద్ధ సావేరి, తొమ్మిదో రోజు పాడే ఆరభి మొదటి రోజు రాగమైన శంకరాభరణం నుంచి పుట్టినవే. బయలుదేరిన ఇంటికే తిరిగి వచ్చినట్లు ఉత్సవం ముగుస్తుంది.

కచేరి సాయంత్రం 6 గంటలకు మొదలై రాత్రి 8.30 గంటలకు ముగుస్తుంది. ముల్లమూడు భాగవతార్లు తోడయమంగళం ఆలపించిన అనంతరం ప్రధాన గాయకుడు ఆ రోజు రాగాన్ని ఎత్తుకుంటారు. ఆలాపన, తానం, తరువాత నవరాత్రి కృతి. అందులోనే నెరవు, స్వరకల్పన. మామూలు సభల్లో ఇంతే వ్యవధిలో ఏడెనిమిది కృతులు వినిపిస్తారు. ఇక్కడ సాయంత్రంలో అధికభాగం ఒకే రాగానిది, ఒకే కృతిది.

తానం పాడే తీరులోనూ భేదం ఉంది. తాళం కట్టుబాటు లేకుండా, ఒక లయగతిలో, ‘అనంతం’, ‘తానం’ వంటి పదాలతో రాగాన్ని విస్తరించడమే తానం. సాధారణ కచేరీల్లో గాయకుడు తానం పాడుతున్నంతసేపు మృదంగ విద్వాంసుడు చేతులు ముడుచుకుని కూర్చుంటారు. నవరాత్రి మండపంలో మృదంగం కూడా తానంతో కలిసి నడుస్తుంది. ఈ పద్ధతి మరోచోట అరుదు.

నిశ్శబ్దం వెనుక అర్థం

చప్పట్లు ఎందుకు కొట్టరన్న ప్రశ్న కొత్తగా వెళ్లినవారికి కలగడం సహజం. ఆ తొమ్మిది రోజులు మండపం సభామందిరం కాదు, గుడి. పాట శ్రోతలకు చేసే ప్రదర్శన కాదు, సరస్వతికి సమర్పించే నైవేద్యం. గుడిలో అర్చకుడు హారతి ఇచ్చినప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టరు. ఇక్కడ గాయకుని స్థానమూ అటువంటిదే. శ్రోతలు ప్రసాదం పంచుకునే భక్తులు. మెప్పు దక్కవలసింది విద్వాంసునికి కాదు, విద్యకు.

ఈ నియమం సంగీతంపై చూపే ప్రభావం కూడా గమనించదగినది. చప్పట్లు ఆశించి వేగం పెంచవలసిన అవసరం గాయకునికి ఉండదు. కోరిన పాట పాడమని చీటీలు పంపేవారు లేరు. నూనె దీపాల వెలుగులో రాగం తన సహజగతిలో విచ్చుకుంటుంది. స్వాతి తిరునాళ్ కృతులకు విశేష ప్రాచుర్యం తెచ్చిన సెమ్మంగుడి శ్రీనివాస అయ్యర్ సహా ఎందరో విద్వాంసులు ఈ మండపంలో పాడారు. ఎంత పేరున్న విద్వాంసుడైనా ఆ రోజుకు నిర్ణయించిన రాగమే పాడాలి. ఆ నిశ్శబ్దాన్నే అందుకోవాలి.

2006లో తొలగిన అడ్డు

ఇంతటి ఉదాత్త సంప్రదాయంలో ఒక లోపం శతాబ్దాల పాటు కొనసాగింది. చదువుల తల్లి ఎదుట స్త్రీలు పాడరాదు. పాడడమే కాదు, శ్రోతల నడుమ కూర్చోరాదు కూడా. స్త్రీమూర్తిగా కొలిచే విద్యాధిదేవత సన్నిధిలో స్త్రీ కంఠానికి చోటు లేకపోయింది.

ఆ అడ్డును దాటిన తొలి గాయని పారశ్శాల పొన్నమ్మాళ్. ఆమె 1924లో జన్మించారు. తిరువనంతపురంలో 1939లో నెలకొన్న సంగీత కళాశాలలో ఆమే తొలి విద్యార్థిని. నేడది స్వాతి తిరునాళ్ పేరిట కొనసాగుతోంది. తరువాత అక్కడే అధ్యాపకురాలయ్యారు. త్రిప్పూణిత్తుర ఆర్‌ఎల్‌వీ కళాశాలకు తొలి మహిళా ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. ఎందరికో స్వాతి కృతులు నేర్పిన ఆమెకు, అవే కృతులు పాడే మండపంలో మాత్రం వినడానికైనా ప్రవేశం దొరకలేదు. ఉద్యోగ విరమణ చేసి, 81 ఏళ్ల వయసుకు చేరాక 2006 నవరాత్రుల్లో ఆ అవకాశం వచ్చింది. ఆ సాయంత్రం ఆమె మండపంలో కూర్చుని పాడారు. ఆ తరువాతి సంవత్సరాల్లో పలువురు గాయనులు అదే వేదికపై దేవిని అర్చించారు. పొన్నమ్మాళ్‌ను కేంద్ర ప్రభుత్వం 2017లో పద్మశ్రీతో గౌరవించింది. 2021లో 96 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు.

గమనించవలసిన విషయం ఒకటుంది. స్త్రీలకు ప్రవేశం లభించిన తరువాత మండపంలో మరే నియమమూ సడలలేదు. రాగాల వరుస మారలేదు. వేళ మారలేదు. చప్పట్లు మొదలు కాలేదు. ఒక ఆచారాన్ని సరిదిద్దితే సంప్రదాయమంతా కూలిపోతుందన్న భయానికి ఈ మండపమే సమాధానం. సంగీతాన్ని కాపాడిన నియమాలు నిలిచాయి. సంగీతంతో నిమిత్తం లేని నిషేధం తొలగింది.

కోనసీమతో గురుబంధం

ఈ మార్పునకు చొరవ చూపినవారు తిరువాంకూరు రాజవంశీయుడు, గాయకుడు అశ్వతి తిరునాళ్ రామవర్మ. ఆయన గురువుల్లో ఒకరు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. గోదావరి జిల్లాలవారికి ఇది గర్వకారణమైన బంధం. బాలమురళి 1930 జులై 6న కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించారు. ఎనిమిదో ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో పాడి పండితులను అబ్బురపరిచారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుది త్యాగరాజస్వామి శిష్యపరంపర.

త్యాగరాజు శిష్యుడొకరు 19వ శతాబ్దిలో స్వాతి తిరునాళ్ కొలువుకు చేరారు. అదే పరంపరకు చెందిన తెలుగు విద్వాంసుని వద్ద 20వ శతాబ్దిలో స్వాతి వంశీయుడు విద్య అభ్యసించారు. తిరువయ్యారు, కృష్ణాతీరం, కోనసీమ, తిరువనంతపురం.. పాట నడిచిన దారికి రాష్ట్రాల ఎల్లలు అడ్డు రాలేదు.

వెళ్లదలచినవారికి

హైదరాబాద్ వైపు నుంచి గుంటూరు, తిరుపతి మీదుగా తిరువనంతపురానికి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది. తిరువనంతపురం సెంట్రల్ స్టేషన్ నుంచి తూర్పు కోట సుమారు కిలోమీటరు దూరం. నడిచి వెళ్లవచ్చు. పద్మనాభస్వామి ఆలయంలో సాయంకాల దర్శనవేళ, కచేరి వేళ దాదాపు ఒకటే అవుతాయి కనుక దర్శనం ఉదయమే ముగించుకోవడం మంచిది. ఆలయానికి పురుషులు పంచె, స్త్రీలు చీర వంటి సంప్రదాయ వస్త్రాలు ధరించి వెళ్లాలి. అవే దుస్తులు మండపానికీ సరిపోతాయి.

మధ్యాహ్నం కుతిరమాళికను చూసి రావచ్చు. స్వాతి తిరునాళ్ కట్టించిన ఈ భవనం చూరు కింద వరుసగా చెక్కిన 122 కొయ్య గుర్రాల వల్లనే దీనికి ఆ పేరు వచ్చింది. మరో రోజు వ్యవధి ఉంటే పద్మనాభపురం ప్యాలెస్‌నూ చూడవచ్చు. దానికి సోమవారం సెలవు.

సాయంత్రం 6 గంటలకు ముందే మండపం వద్దకు చేరుకోవాలి. సెల్‌ఫోన్లు ఆపివేయాలి. నడుమ లేచి రాకుండా చివరి వరకు కూర్చునే వీలుంటేనే వెళ్లడం మర్యాద. ఆ రోజు రాగమేదో ముందుగా తెలుసుకుని, అందులో పరిచయమున్న ఒక కృతిని విని వెళితే ఆలాపన మరింత బాగా అర్థమవుతుంది.

నవరాత్రులకు వెళ్లలేనివారికి మరో మార్గం ఉంది. స్వాతి తిరునాళ్ స్మారకంగా ఏటా జనవరిలో కుతిరమాళిక ప్రాంగణంలో స్వాతి సంగీతోత్సవం జరుగుతుంది. సాధారణంగా 6వ తేదీన మొదలవుతుంది. మకరజ్యోతికి శబరిమల వెళ్లేవారికి అనువైన సమయమది. అక్కడ శ్రోతలు చప్పట్లు కొట్టవచ్చు. నవరాత్రి మండపంలో మాత్రం కచేరి ముగిశాక దేవికి నమస్కరించి, మాటా పలుకూ లేకుండా బయటికి రావడమే పద్ధతి. గాయకునికి అందవలసిన ప్రశంస ఆ మౌనంలోనే ఉంది.