మెడికల్ అయింది సరే, రిపోర్టు ఎక్కడ?

"మా దగ్గర వంద శాతం మందికి మెడికల్ చేయించాం" అని కంపెనీలు చెప్పుకుంటాయి. మంచిదే. కానీ ఆ లెక్క చెప్పేది ఎంతమందిని బస్సెక్కించి క్లినిక్‌కు తీసుకెళ్లారన్నది మాత్రమే. ఎండాకాలం గడిచాక ఎంతమంది ఆరోగ్యం నిలబడిందన్నది వేరే లెక్క. అది అడిగితే గానీ బయటికి రాదు.

ఖతర్‌లో 2021 నుంచి నిబంధనలు గట్టిపడ్డాయి. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని బంద్. ఎండ, ఉక్క, గాలి కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ 32.1 డిగ్రీలు దాటితే ఏ టైమైనా పని ఆపాల్సిందే. ఏటా ఆరోగ్య పరీక్ష కూడా తప్పనిసరి.

పరీక్ష చేస్తే సరిపోదు, పోల్చి చూడాలి. కిడ్నీల కోసం రక్తంలో క్రియాటినిన్ చూస్తారు. మే నెలలో మీకు 0.8 ఉంది, సెప్టెంబరులో 1.2 వచ్చింది అనుకుందాం. చాలా ల్యాబుల్లో రెండూ 'నార్మల్' కిందికే వస్తాయి. కానీ ఒకటిన్నర రెట్లు పెరిగింది కదా! పాత కాగితం చేతిలో లేకపోతే ఈ సంగతి డాక్టరుకూ తెలియదు.

ఇంకో మోసం ఉంది. ఒక క్యాంపులో 500 మంది అనుకోండి. ఆగస్టులో 20 మంది జబ్బుపడితే టికెట్ కొట్టి ఇంటికి పంపేశారు. సెప్టెంబరులో మిగిలిన 480 మందికి పరీక్ష చేస్తే అందరూ బాగానే ఉంటారు, రిపోర్టు బ్రహ్మాండంగా ఉంటుంది. వెళ్లిపోయినవాళ్లను వదిలేసిన లెక్క లెక్కే కాదు.

నేపాలీల విషయంలో ఇలా వదిలేయలేదు. 2009–2017 మధ్య ఖతర్‌లో చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల వివరాలను పరిశోధకులు వేడి లెక్కల పక్కన పెట్టి చూశారు. గుండె జబ్బుల కింద నమోదైనవి 571 మరణాలు. వేడి నుంచి సరైన రక్షణ ఉంటే వాటిలో 200 దాకా ఆపగలిగేవారని 2019లో 'కార్డియాలజీ' పత్రికలో తేల్చారు. మరణాలు, కారణాలు రాసి పెట్టి ఉన్నాయి కాబట్టే ఆ మాట అనగలిగారు. జగిత్యాలకో, సిరిసిల్లకో, కోనసీమకో పెట్టెతో పాటు వచ్చే కాగితంలో 'గుండె ఆగింది' అని రాసి ఊరుకుంటే ఏం తెలుస్తుంది? గుండె ఆగకుండా ఎవరు పోతారు?

అందుకే ఈసారి మెడికల్‌కు వెళ్లినప్పుడు 'ఫిట్' అన్న ముద్ర ఒక్కటే చూసి వచ్చేయకండి. క్రియాటినిన్, బీపీ, షుగర్ అంకెలున్న కాగితం అడగండి. ఫోన్‌లో ఫొటో తీసి, ఇంట్లోవాళ్లకు కూడా పంపండి. నొప్పుల మాత్రలు రోజూ మింగుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి, అవి కిడ్నీలకు చేటు. సెలవు మీద ఊరెళ్తే అక్కడి డాక్టరుకు పాత, కొత్త రిపోర్టులు రెండూ చూపించండి. క్యాంపు మీటింగులో మాత్రం ఒక్క ప్రశ్న వేయండి: ఈ ఎండాకాలంలో జబ్బుచేసి ఇంటికి పోయినవాళ్లు ఎంతమంది?