పలనాటి పొయ్యి మీద ఓట్స్ కుకీ

బడి నుంచి వచ్చిన పిల్లలు పుస్తకాల సంచీ విసిరేసి అడిగే మొదటి మాట... 'తినడానికేముంది?' పది రూపాయలు చేతిలో పెడితే వీధి చివరి కొట్టు నుంచి బిస్కెట్ పొట్లం వచ్చేస్తుంది. అందులో ఏ నూనె వాడారో, ఎంత చక్కెర పోశారో చదివే తీరికెవరికి? అదే సమయానికి వంటింట్లోంచి వెన్నా బెల్లమూ దాల్చినచెక్కా కలిసి వేగుతున్న వాసన వచ్చిందనుకోండి... ఆ పొట్లం సంగతి ఎవరికీ గుర్తుండదు!

'కుకీలంటే ఓవెన్ ఉండాలి కదా' అంటారా? అక్కర్లేదు. మందపాటి గిన్నె, దానికో మూత, అడుగున పోయడానికి కాస్త ఇసుక, మామూలు గ్యాస్ పొయ్యి... ఇవి చాలు.

పల్నాడు జిల్లాలో మాచర్లకు దగ్గర్లో ఉన్న దుర్గి పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేవి రాతి శిల్పాలు. మూసలోంచి ఒకేలా వచ్చి పడే బొమ్మకూ చేత్తో చెక్కిన బొమ్మకూ తేడా ఏమిటో ఆ ఊరివాళ్లకు మరొకరు చెప్పక్కర్లేదు. ఇంట్లో చేసిన కుకీ కూడా అలాంటిదే. ఒకటి కాస్త వంకరగా ఉంటుంది, ఇంకొకటి అంచున ఎక్కువ వేగుతుంది. అయితేనేం, ఏం వేశామో ఎంత వేశామో చేసినవాళ్లకు తెలుసు.

మిర్చీ పత్తీ పండే ఆ నేల మీద ఓట్స్ మాత్రం పండవు. అవి చలిదేశాల గింజలు. మరి వాటికీ పలనాటికీ పొత్తేమిటీ అంటే... సరదా అయిన పోలిక ఒకటుంది.

ఇద్దరు పండితులు... రెండు గింజలు

పదిహేనో శతాబ్దపు మహాకవి శ్రీనాథుడు పలనాటికి వచ్చి, అక్కడి జొన్నకూడు తినలేక నానా అవస్థలూ పడ్డాడని చెబుతారు. ఆ విసుగంతా వెళ్లగక్కిన చాటుపద్యాలు ఆయన పేరిట ఇప్పటికీ ప్రచారంలో ఉన్నాయి. రాజుల ఇళ్లలో విందులు ఆరగించిన కవిగారికి ఆ ముతక తిండి సహించలేదు మరి!

సరిగ్గా ఇలాంటి వెటకారమే ఇంగ్లండ్‌లోనూ జరిగింది. 1755లో శామ్యూల్ జాన్సన్ అనే పండితుడు ఇంగ్లిషు నిఘంటువు అచ్చువేశాడు. అందులో ఓట్స్ అన్న మాటకు అర్థం చెబుతూ, ఇంగ్లండ్‌లో గుర్రాలకు పెట్టే ఆ గింజను స్కాట్లండ్‌లో మనుషులు తింటారంటూ ఓ చురక అంటించాడు.

స్కాట్లండ్ వాళ్లు దాన్ని పట్టించుకుని ఓట్స్ మానేయలేదు. ఓట్స్ పిండిని రొట్టెల్లా తట్టి, ఇనప పెనం మీద కాల్చుకుని తింటూనే వచ్చారు... అచ్చం పలనాట జొన్నరొట్టె కాల్చినట్టే. సముద్రాలు దాటి అమెరికా వెళ్లినవాళ్లు ఆ అలవాటునూ వెంట తీసుకెళ్లారు. గింజను ఆవిరిలో మెత్తబరిచి, రోలర్ల కింద అటుకుల్లా నొక్కే యంత్రాలు వచ్చాక ఓట్స్ వండుకోవడం మరింత తేలికైంది. 1896లో బోస్టన్‌లో అచ్చయిన ఫానీ ఫార్మర్ వంటల పుస్తకంలో ఓట్స్ కుకీలు చోటు సంపాదించుకున్నాయి. తర్వాత ఓట్స్ డబ్బాల మీద కూడా తయారీ విధానం అచ్చువేయడంతో ఇంటింటి వంటకమైపోయింది.

పలనాట మాత్రం కథ ఇంకోలా నడిచింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. వరి పండింది, కంచంలోకి తెల్లన్నం వచ్చింది. జొన్న మెల్లగా పక్కకు జరిగింది. మళ్లీ ఇన్నాళ్లకు, చిరుధాన్యాల గొప్పతనం అందరి నోటా వినిపిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. ఇద్దరు పండితులు ఎగతాళి చేసిన రెండు గింజలూ ఇప్పుడు డాక్టర్లు తినమని చెప్పే జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి!

ఘాటంతా మన డబ్బాలోదే

ఓట్స్ బయటివే అయినా, ఈ కుకీకి ప్రాణం పోసే సుగంధద్రవ్యాలన్నీ మన వంటింట్లో ఉన్నవే. దాల్చినచెక్క, శొంఠి, లవంగాలు, జాజికాయ. నాలుక మీద మంట పెట్టకుండా గొంతులో వెచ్చగా దిగే ఘాటు వీటిది.

శొంఠి లేని కషాయం లేదంటారు. కుకీలోనూ పెద్దరికం దానిదే. పచ్చి అల్లం ఎండి శొంఠి అయ్యేటప్పుడు అందులోని ఘాటు పదార్థం కొంత రూపం మార్చుకుని ఇంకా ఘాటుగా తయారవుతుంది. అందుకే అర చెంచా శొంఠిపొడి చేసే పని గుప్పెడు అల్లం తరుగు కూడా చేయలేదు. పైగా అల్లంలోని తడి పిండిని జారుగా చేస్తుంది.

దాల్చినచెక్క పేరుతో దుకాణాల్లో ఎక్కువగా దొరికేది మందంగా, గట్టిగా ఉండే కేసియా చెక్క. అసలు దాల్చిన పలుచగా, పొరలు పొరలుగా చుట్టుకుని, వేళ్లతో నలిపితే విరుగుతుంది. కేసియాలో కుమారిన్ అనే పదార్థం ఎక్కువ. రోజూ చెంచాలకొద్దీ తింటే కాలేయానికి మంచిది కాదు. ఎప్పుడో చేసుకునే కుకీలకైతే ఏదైనా ఫర్వాలేదు. పొడి మాత్రం అప్పటికప్పుడు కొట్టుకోవాలి. నెలల తరబడి డబ్బాలో ఉన్న పొడికి రంగు మిగులుతుంది కానీ వాసన మిగలదు.

జాజికాయ చిటికెడు చాలు, ఎక్కువైతే చేదెక్కుతుంది. బాగా ఎక్కువ తింటే తల తిరుగుతుంది కూడా. ఒకప్పుడు ఈ కాయ కోసం దేశాలు యుద్ధాలు చేశాయి. డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దం మొదట్లో మచిలీపట్నం, నిజాంపట్నాల్లో స్థావరాలు పెట్టడానికి ఓ కారణం ఇదే. ఇక్కడి నేతబట్టలు కొని, తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి మారుగా జాజికాయ, లవంగాలు తెచ్చుకునేవారు. ఆంధ్ర చీర ఇచ్చి తెచ్చుకున్న ఘాటన్నమాట!

బెల్లం ఎందుకంటే...

విదేశాల్లో ఈ కుకీకి ముదురు రంగు చక్కెర వాడతారు. దానికి ఆ రంగు, తడి వచ్చేది చెరకు మడ్డి వల్లే. మన బెల్లంలో ఆ గుణం పుట్టుకతోనే ఉంది. పంచదార వేస్తే కుకీ కరకరలాడుతుంది. బెల్లం తడిని పట్టి ఉంచుతుంది కాబట్టి మధ్యలో మెత్తగా, కొరికితే సాగినట్టుగా వస్తుంది. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లు పాలల్లో ముంచుకోవడానికీ వీలు.

వేడి తగిలినప్పుడు పిండిలోని మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమరంగునూ కమ్మటి వాసననూ పుట్టిస్తాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ ఈ సంగతి 1912లో వివరించాడు. రొట్టె మీద మచ్చలు, వేయించిన కాఫీగింజ వాసన... అన్నిటి వెనకా ఉన్నది ఇదే. అందుకే కుకీ రంగు తిరిగేవరకూ ఆగాలి. అయితే తిరిగాక ఇంకాస్త అని ఆగకూడదు.

ఓవెన్ లేకపోతేనేం?

పొయ్యి మీద చేయడానికి మందపాటి పాత అల్యూమినియం గిన్నె మేలు. వాడకంలో ఉన్న మంచి కుక్కర్‌ను నీళ్లు లేకుండా మంట మీద పెడితే పాడవుతుంది. పాత కుక్కరే వాడదలిస్తే రబ్బరు, విజిల్ తప్పనిసరిగా తీసేయాలి. లోపల ఎక్కడా ఆవిరి బిగుసుకోకూడదు.

గిన్నెలో అంగుళం మందాన శుభ్రం చేసిన పొడి ఇసుక కానీ దొడ్డుప్పు కానీ పోసి, మధ్యలో స్టాండు పెట్టాలి. మూతపెట్టి మధ్యస్థంగా ఉన్న మంట మీద పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వాలి. తర్వాత కుకీలు పేర్చిన పళ్లేన్ని స్టాండు మీద ఉంచి, మంట తగ్గించి మూతపెట్టాలి. ఓవెన్‌లో పన్నెండు నిమిషాల్లో అయ్యేది ఇక్కడ ఇరవై నుంచి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. మాటిమాటికీ మూత తీస్తే వేడి పోతుంది. ఆ ఇసుకను చల్లార్చి డబ్బాలో పోసుకుంటే మళ్లీ మళ్లీ పనికొస్తుంది. ఉప్పు వాడితే మాత్రం దాన్ని కూరల్లో వేయకూడదు.

ఇలా చేయండి

కావల్సినవి: ఓట్స్ (అటుకుల్లా ఉండేవి) - 150 గ్రా., గోధుమపిండి - 100 గ్రా., ఉప్పులేని వెన్న - 100 గ్రా., బెల్లంపొడి - 100 గ్రా., ఎండుద్రాక్ష - 50 గ్రా., కోడిగుడ్డు - ఒకటి (లేదా పాలు - మూడు పెద్ద చెంచాలు), దాల్చినచెక్క పొడి - చెంచా, శొంఠిపొడి - అర చెంచా, లవంగాలు - రెండు (పొడి చేసుకోవాలి), జాజికాయ పొడి - చిటికెడు, బేకింగ్ పౌడర్ - అర చెంచా, వంటసోడా - పావు చెంచా, ఉప్పు - పావు చెంచా.

తయారీ: ఓట్స్‌ను నూనె లేకుండా సన్నమంట మీద అయిదు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేవరకూ వేయించి చల్లార్చాలి. మెత్తబడిన వెన్నలో బెల్లంపొడి వేసి, తెల్లబారి నురగలా అయ్యేవరకూ గిలకొట్టాలి. గుడ్డు లేదా పాలు కలపాలి. గోధుమపిండి, మసాలా పొడులు, ఉప్పు, సోడా, బేకింగ్ పౌడర్ కలిపి జల్లించి ఇందులో వేయాలి. చివరగా ఓట్స్, ఎండుద్రాక్ష వేసి తేలిగ్గా కలపాలి. చపాతీ పిండిలా పిసికితే కుకీ గట్టిపడుతుంది. అరగంట పక్కన ఉంచితే ఓట్స్ తడిని పీల్చుకుంటాయి. తర్వాత చిన్న నిమ్మకాయంత ఉండలు చేసి, అరంగుళం మందాన వత్తి, నెయ్యి రాసిన పళ్లెంలో రెండేసి అంగుళాల ఎడంతో పేర్చాలి. ఓవెన్ ఉంటే 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 నుంచి 14 నిమిషాలు. అంచులు రంగు తిరిగి, మధ్యలో ఇంకా మెత్తగా ఉన్నప్పుడే దించేయాలి. అయిదు నిమిషాలు పళ్లెంలోనే వదిలేస్తే వాటంతటవే గట్టిపడతాయి. సుమారు ఇరవై నాలుగు వస్తాయి.

మొదటిసారి చేసేవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది ఈ చివర్లోనే. మెత్తగా ఉన్నాయి, ఇంకా ఉడకలేదేమోనని మరో పది నిమిషాలు ఉంచుతారు. చల్లారాక చూస్తే రాయి!

ఎండతో పేచీ

పలనాటి ఎండ సంగతి తెలిసిందే. వేసవిలో రాష్ట్రంలోనే ఎక్కువ వేడి అంటూ తరచూ వార్తల్లోకెక్కే రెంటచింతల ఆ చుట్టుపక్కలదే. వెన్న 35 డిగ్రీలకే కరిగిపోతుంది. అలాంటప్పుడు కలిపిన పిండిని అలాగే పొయ్యెక్కిస్తే ఉండలన్నీ పరుచుకుపోయి ఒకే అట్టులా అవుతాయి. అందుకే వేసవిలో తెల్లవారుజామున చేసుకోవడం మేలు. ఉండలు చేశాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేకపోతే పిండి గిన్నెను కుండనీళ్లున్న వెడల్పాటి పళ్లెంలో కాసేపు ఉంచవచ్చు. వానాకాలంలో ఇంకో చిక్కు... గాలిలోని తేమకు కుకీలు మెత్తబడతాయి. గాలి చొరని డబ్బాలో వేసి, వారం రోజుల్లో తినేయాలి.

డజను తింటే...!

ఓట్స్ ఉన్నాయి కదా, ఇది ఆరోగ్యమే అనుకుంటే పొరపాటు. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గించడానికి సాయపడుతుందన్నది నిజమే. రోజుకు మూడు గ్రాములు అందాలన్న లెక్కతో అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1997లో ఆ మాటను పొట్లాల మీద వేసుకోవడానికి అనుమతించింది. కానీ పైన చెప్పిన కొలతలతో చేస్తే ఒక్కో కుకీలో ఉండే ఆ పీచు పావు గ్రాము. మూడు గ్రాములు కావాలంటే డజను తినాలి! ఒక్కోటి దాదాపు 90 కెలోరీలు. అంటే డజనుతో పాటు వెయ్యికి పైగా కెలోరీలు, యాభై గ్రాముల బెల్లం, అంతే వెన్న లోపలికి పోతాయి. గుండె కోసమైతే ఓట్స్ జావ తాగడమే దారి. బెల్లమైనా సరే మధుమేహం ఉన్నవాళ్లకు చక్కెరతో సమానమే.

మరి ఇంట్లో చేసుకోవడం వల్ల లాభమేమిటి? కొలత మన చేతిలో ఉంటుంది. తీపి ఎక్కువైందనిపిస్తే వచ్చేసారి ఇరవై గ్రాములు తగ్గించుకోవచ్చు. ఒకప్పుడు బేకరీ బిస్కెట్లలో డాల్డా లాంటి కొవ్వులు విపరీతంగా ఉండేవి. వాటిలోని ట్రాన్స్ ఫ్యాట్స్ గుండెకు చేటని తేలాక, నూనెలూ కొవ్వుల్లో అవి రెండు శాతం మించకూడదని మన ఆహార భద్రత సంస్థ 2022 జనవరి నుంచి నిబంధన పెట్టింది. ఇంట్లో వెన్నతో చేస్తే ఆ డాల్డా ప్రసక్తే ఉండదు. రోజుకు ఒకటో రెండో అన్న లెక్క మాత్రం ఇంటి పెద్దలే పెట్టాలి.

సగం ఓట్స్... సగం జొన్న

ఓట్స్‌లో వంద గ్రాములకు సుమారు పది గ్రాముల పీచు ఉంటే, జొన్నల్లోనూ దాదాపు అంతే ఉంటుంది. కాకపోతే బీటా గ్లూకాన్ విషయంలో ఓట్స్‌దే పైచేయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ జొన్నలతో అటుకులు, కుకీలు చేసి చూపించింది. అదే దారిలో ఇంట్లోనూ ఓట్స్ సగం తగ్గించి, ఆ మేరకు జొన్న అటుకులు వేసుకోవచ్చు. పాలు ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పడతాయి. గోధుమపిండిలోనూ సగం జొన్నపిండి కలపవచ్చు. పూర్తిగా జొన్నే అయితే మాత్రం కుకీ పొడిపొడిగా రాలిపోతుంది. పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ జొన్నలో ఉండదు. రొట్టె చేసేటప్పుడు వేడినీళ్లు పోసి కలిపేది అందుకే కదా!

మొదటి వాయి మాడవచ్చు, రెండోది పరుచుకోవచ్చు. మూడోదానికి మన పొయ్యి మంట, మన గిన్నె మందం, మన ఊరి ఎండ... అన్నీ లెక్కకొస్తాయి. ఆ సాయంత్రం పిల్లలు వచ్చి 'తినడానికేముంది?' అని అడిగితే, పది రూపాయల కోసం పర్సు వెతుక్కోనక్కర్లేదు. డబ్బా మూత తీస్తే చాలు.