పరిశోధనశాలలో కొత్త సభ్యులు: తొలి వారాలలో నేర్పవలసినవి

శ్రీకాకుళం జిల్లాలోని రాగోలు వ్యవసాయ పరిశోధనా స్థానం రూపొందించిన వరి రకాలలో ‘శ్రీకూర్మ’ ఒకటి. పొరుగున ఉన్న శ్రీకూర్మం క్షేత్రాన్ని తలపించే ఈ పేరు రైతుల కోసం. దస్త్రాలలో అది ఆర్.జి.ఎల్. 2332. అదే విధంగా ‘శ్రీకాకుళం సన్నాలు’ ఆర్.జి.ఎల్. 2537. పేరు పొందేవరకు వంగడానికి సంఖ్యే గుర్తింపు. విద్యార్థులు, రీసెర్చి ఫెలోలు రెండు మూడేళ్లలో మారిపోతారు. వంగడం రూపకల్పన అంతకు మించిన కాలం సాగుతుంది. కనుక కొత్తగా చేరినవారికి పరికరాల వాడకం కంటే ముందు ఈ గుర్తింపు చెదరకుండా కాపాడడం నేర్పాలి.

వరి ప్రధానంగా స్వపరాగ సంపర్కం జరుపుకొనే పంట. జనకుల మధ్య భేదమున్న జన్యుస్థానాలలో రెండవ తరంలో సగటున 50 శాతం విషమయుగ్మజ స్థితిలో ఉంటాయి. తరం మారినకొద్దీ అది సగమవుతూ, ఆరవ తరానికి సుమారు 3 శాతానికి చేరుతుంది. ఏడాదికొక పంట చొప్పున ఇందుకు దాదాపు ఆరేళ్లు పడుతుంది. మూడవ తరంలో రెండు విత్తన సంచుల చీటీలు తారుమారైతే, ఆపై నమోదు చేసే కొలతలన్నీ వేరే వంశానికి చెందుతాయి. గింజలు ఒకే తీరుగా ఉన్నప్పుడు కంటితో చూసి ఈ పొరపాటును పట్టడం కష్టం.

మొదటి వారంలో కొత్త సభ్యుడు ఒక నమూనాను నారుమడి నుండి నిల్వగది వరకు అనుభవజ్ఞునితో కలిసి అనుసరించాలి. చీటీని సంచి లోపల ఒకటి, వెలుపల ఒకటి ఎందుకు ఉంచుతారో, కేళీలను ఎలా గుర్తించి ఏరివేస్తారో, విత్తనాన్ని 13 శాతం తేమకు మించకుండా ఎందుకు ఆరబెడతారో అతనికి అక్కడే వివరించాలి.

రెండవ వారంలో అతడు స్వయంగా నమోదు చేయాలి, మరొకరు సరిచూడాలి. క్షేత్ర పుస్తకంలో తప్పును చెరిపివేయరాదు. ఒక గీతతో కొట్టివేసి, పక్కన సరైన అంకె, తేదీ, సంతకం ఉంచాలి.

విశ్లేషణశాలలో పనిచేసేవారికి రక్షణ నియమాలు మొదటి రోజే తెలియాలి. కెల్దాల్ పద్ధతిలో నత్రజనిని అంచనా వేయడానికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. దానిని పలుచన చేసేటప్పుడు ఆమ్లాన్నే కొద్దికొద్దిగా నీటిలో కలపాలి. నీటిని ఆమ్లంలో పోస్తే పుట్టే వేడికి ఆమ్లం ఎగజిమ్ముతుంది.

ఉత్తర కోస్తాలో మరొక పాఠం తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఖరీఫ్ వరి పొట్ట, ఈనిక దశలలో ఉండే కాలమది. గాలివానకు మడులు ఒరిగి చీటీలు కొట్టుకుపోతే ఏ వరుస ఏ వంశమో తెలిపేది క్షేత్ర పటమే. దాని ప్రతి ఒకటి కార్యాలయంలో, మరొకటి వేరొక చోట ఉందో లేదో కొత్త సభ్యుడు నాట్లు పూర్తయిన నాడే చూసుకోవాలి.

పొరపాటును వెంటనే చెప్పినవారిని మందలించకూడదు. మందలిస్తే తర్వాతి పొరపాటు బయటకు రాదు. సందేహం కలిగిన మడిని గుర్తించి తొలగిస్తే ఒక మడే నష్టం; దాచితే ఏళ్ల శ్రమ నష్టం.

ఈ నియమాలు రైతు పొలంలో మినీకిట్ పరీక్షలు నిర్వహించే విస్తరణ శాస్త్రవేత్తలకూ వర్తిస్తాయి. రైతు చేతికి అందే సంచిపై ఉన్న సంఖ్య, తొలి సంకరణం నాడు పుస్తకంలో రాసిన వంశానికే చెందాలి. ఆ బాధ్యతలో తన వంతు ఏమిటో కొత్త సభ్యుడు చెప్పగలిగిన నాడే అతని శిక్షణ పూర్తయినట్లు భావించాలి.