చార్మినార్ రూపాయి - లండన్ బేరం

మొన్న సంక్రాంతి సెలవులకు జగిత్యాల నుంచి కోరుట్లలోని మా మేనత్తగారింటికి వెళ్లాను. గడపలో కాలు పెట్టానో లేదో, "అల్లుడా, మన నసీబు తిరిగింది" అన్నది అత్తమ్మ. చెవులకు కమ్మలు లేవు. అవి కొంగున ముడివేసి ఉన్నాయి; తాకట్టుకు బయలుదేరిందట.

సంగతేమిటంటే, ఆమె అత్తగారు సిరిసిల్లలో మగ్గం పని మీద కూడబెట్టిన నిజాం రూపాయలు నాలుగు డబ్బాలో మిగిలాయి. అత్తమ్మ మనుమడు వాటి ఫొటోలు ఇంటర్నెట్టులో పెట్టాడు. లండన్ నుంచి అంటూ ఒకాయన మూడు లక్షలకు బేరమాడాడు. ముందు రిజిస్ట్రేషనుకని రెండున్నర వేలు పుచ్చుకున్నాడు. ఇప్పుడు "రిజర్వు బ్యాంకు పన్ను" పద్దెనిమిది వేలు కడితే సొమ్ము విడుదలట! ముద్ర వేసిన కాగితం కూడా పంపాడు.

"కొనేటోడు పైసలియ్యాలె గని, అమ్మేటోళ్లు ఎదురిచ్చుడేంది అత్తమ్మా?" అన్నాను.

ఆమె మనుమడి వైపు చూసింది. వాడు నేల చూపులు చూశాడు.

పాత నాణేల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదనీ, వాటికి ఏ రుసుమూ అడగననీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టు 4న ప్రకటించింది. ఆ మాట చూపించి, సైబరు మోసాల నంబరు 1930కి ఫోను చేయించాను. రెండున్నర వేలు మాత్రం తిరిగి రాలేదు.

ఇక ఆ రూపాయలు. పదకొండు గ్రాముల పైచిలుకు వెండి నాణెం. చార్మినార్ ద్వారంలో ఉస్మాన్ అలీఖాన్ పేరులోని మొదటి అక్షరం. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇండియా రూపాయలకు సమానంగా 1959 దాకా చెల్లాయి. ఒక దానిపై హిజ్రీ 1330 అని ఉంది, అంటే 1912 ప్రాంతం. ఇక్కడే అసలు చిక్కు. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా విదేశాలకు పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. లండన్‌వాడు నిజమైనవాడే అయినా బేరం కుదరదన్నమాట! మన జిల్లా కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేలు పల్లెవాళ్ల చేతులనుంచి పండితుల కంటబడ్డాయి కాబట్టే చరిత్రకెక్కాయి. పొట్లం కట్టి సముద్రం దాటించి ఉంటే ఏమయ్యేది?

"మరి పైవాళ్లకు ఏదీ అమ్మరాదా, మామా?" అన్నాడు కుర్రాడు.

ఎందుకమ్మరాదు? నాకు తపాలా బిళ్లల పిచ్చి ఉంది (మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది). నిజాం 1931లో వేసిన బొమ్మల బిళ్లలు నా దగ్గర రెండేసి ఉంటే, ఒక వరుస జర్మనీ ఆయనకు అమ్మాను. సొమ్ము పేపాల్ ద్వారా వచ్చింది. దేశంలోపలి చెల్లింపులు అది 2021లోనే మానేసినా, పైదేశపు సొమ్ము మన పాన్ కార్డు చూసి బ్యాంకులో వేస్తుంది. "డబ్బు పంపాను" అని ఉత్తరం వచ్చింది. అందులోని లింకు నొక్కలేదు. ఖాతా నేనే తెరిచి, సొమ్ము కళ్లారా చూశాకే పొట్లం కట్టాను. సొమ్ము రావడానికి పిన్ను నంబరు అక్కరలేదు, అది ఇవ్వడానికే. పొరపాటున ఎక్కువ పంపాను, మిగతాది వాపసు చెయ్యమన్నవాడిని అసలే నమ్మరాదు.

జర్మనీ ఆయన పెద్దమనిషే గానీ, సుంకం తప్పుతుంది, "కానుక" అని రాయమన్నాడు. నేను రాయలేదు. పొట్లం పోతే ఆ రాసిన విలువకే గదా పరిహారం! తపాలా రశీదు ఆరు నెలలు దాచాను. సరుకు అందలేదని ఫిర్యాదు చెయ్యడానికి కొన్నవాడికి 180 రోజుల గడువుంటుంది. ఇదే వ్యాపారంగా పెట్టుకుంటే ఎగుమతి కోడ్ తీసుకోవాలి మరి.

అత్తమ్మ కమ్మలు పెట్టుకుని డబ్బా మూత వేసింది. కుర్రాడు మాత్రం అటక మీంచి తాత ఉత్తరాల కట్ట దించాడు. ఒక కవరుపై చార్మినార్ బొమ్మ అణా బిళ్ల! వెంటనే చెంబులో నీళ్లు తెచ్చాడు, ఊడదీయడానికి.

చెయ్యి పట్టుకుని ఆపాను. "ఆగరా, కవరుతో ఉంటెనే దానికి ధర."