ఉత్తరకాండము - తెలుగు శ్రోతల తీర్పు

ముగిసిన కథకు తరువాయి వచ్చినపుడు చదువరి దానిని రెండు విధముల కొలుచును. ఆ భాగము తనంతట తాను ఎట్లున్నదన్నది ఒక కొలత. తాను అంతకుముందే మనసున నిలుపుకొన్న కథకు అది ఏమి చేసినదన్నది రెండవ కొలత. మొదటిదానిని గూర్చి విమర్శకులు విరివిగా వ్రాసిరి. రెండవది చదువరుల నోటనే నిలిచి వారితోనే పోవుట పరిపాటి. తెలుగున ఈ రెండవ కొలతకు నిదర్శనములు సమృద్ధిగా మిగిలిన తావు ఒకటి కలదు. అది రామాయణ ఉత్తరకాండము. ఏడువందల ఏండ్లకు పైగా తెలుగువారు ఆ కాండమును ఎట్లు స్వీకరించిరో, ఎచ్చట వెనుదీసిరో, ఎచ్చట మార్చుకొనిరో పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

ఈ సమస్య మన దేశమునకే పరిమితమైనది కాదు. 1893లో షెర్లాక్ హోమ్సును కథలో చంపివేసిన కానన్ డాయిల్, 1903లో అతనిని మరల బ్రదికించి కథలు కొనసాగింపవలసి వచ్చెను. నక్షత్రమండలముల మీద పరచుకొన్న మహాసామ్రాజ్యపు పతనమును చిత్రించిన ఐజాక్ అసిమోవ్ 'ఫౌండేషన్' గ్రంథములు మూడును 1951, 1952, 1953 సంవత్సరములలో వెలువడినవి. నాలుగవది 1982లో గాని రాలేదు. హరి సెల్డన్ అను గణితశాస్త్రజ్ఞుడు వేసిన ప్రణాళిక నెరవేరునా లేదా అనునది మొదటి మూడింటను చదువరిని నడపిన ప్రశ్న. నాలుగవ గ్రంథము ఆ ప్రణాళికకు మించిన మరియొక గమ్యమును ముందుంచినది. ఇట్టి చోట చదువరి కోరునది మరికొంత కథయే కాదు. తాను ఇదివరకు నమ్మినది వ్యర్థము కాలేదను హామీని కూడ అతడు కోరును. ఉత్తరకాండ విషయమున తెలుగు శ్రోత అడిగినదియు ఇదియే.

యుద్ధకాండము చివర ఫలశ్రుతి కలదు. కావ్యము ముగిసినపుడు గదా ఫలశ్రుతి చెప్పుట. ఈ ఆధారమును, మరికొన్నింటిని చూపి, ఉత్తరకాండము తరువాతి కాలమున చేరినదని జర్మను పండితుడు హెర్మన్ యాకోబీ మొదలుగా పలువురు తలంచిరి. ఆ వివాదమును ఇచ్చట తీర్ప నెంచలేదు. శ్రోత ఆ ఫలశ్రుతిని విని తృప్తుడై లేచినవాడన్నదే మాకు ముఖ్యము. నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి వంటి ఊరిని తీసికొందము. ఆర్మూరు ప్రాంతపు రైతులు పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి అంగడికి చేర్చు దినములలోనే చైత్రము వచ్చును. నవమినాడు రామాలయమున జరుగునది సీతారాముల కల్యాణము. భద్రాచలమున నవమినాడు కల్యాణము, మరునాడు పట్టాభిషేకము. పండుగకు కథ అంతతో నిండినది. సీతను అడవికి పంపిన దినమునకు మన పల్లెల ఉత్సవక్రమమున స్థానము లేదు. ఎవరును కలము పట్టి వ్రాయకున్నను ఇది ఒక విమర్శయే.

కవులలో పలువురు ఈ పల్లెవాసులతో ఏకీభవించిరి. హుళక్కి భాస్కరుడు, మల్లికార్జునభట్టు, కుమారరుద్రదేవుడు, అయ్యలార్యుడు కలిసి రచించిన భాస్కర రామాయణము ఆరు కాండములతో నిలిచినది. మొల్ల కథను పట్టాభిషేకముతో ముగించినది. ఇరువదవ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షమును ఆరు కాండములుగనే నిర్మించిరి. ఉత్తరకథను చేపట్టినవారు సైతము దానిని ప్రత్యేక గ్రంథముగా చేపట్టుట గమనింపదగినది. గోన బుద్ధారెడ్డి ద్విపదలో రంగనాథ రామాయణమును యుద్ధకాండము వరకు నడపెను. ఉత్తరకాండమును అతని కుమారులు కాచవిభుడు, విఠ్ఠలరాజు రచించిరి. తండ్రి ముగించిన చోట కుమారులు మొదలిడుటలో కథను లోటు లేకుండ నింపవలయునను పుత్రధర్మము కనుపించుచున్నది. కాని రెండు గ్రంథముల నడుమ గీత చెరగలేదు.

తిక్కన సోమయాజి మార్గము మరింత ఆలోచింపదగినది. ఆయన నిర్వచనోత్తర రామాయణమును వచనము లేకుండ పది ఆశ్వాసములుగా రచించి, నెల్లూరి ప్రభువగు మనుమసిద్ధికి అంకితము చేసెను. ఉత్తరకథను చేపట్టియు ఆయన రామనిర్యాణమును చెప్పలేదు. ఆ భాగమును పిదప జయంతి రామభట్టు పూరించెను. నిర్యాణము చెప్పు శక్తి తిక్కనకు లేదనుటకు వీలులేదు. మౌసలపర్వమున కృష్ణనిర్యాణమును, ఆ తరువాత పాండవుల మహాప్రస్థానమును చెప్పినవాడు ఆయనయే. అయితే భారతమునకు కృతిపతి హరిహరనాథుడు. ఉత్తర రామాయణమునకు కృతిపతి కొలువుతీరియున్న రాజు. రాజు వినుచుండగా రాజనిర్యాణముతో గ్రంథమును ముగించుట మంగళకరము కాదు. కారణము ఇదియే యని తీసికొన్నను, కథ ఎచ్చట ఆగవలయునో నిర్ణయించినది మూలము కాదు, వినువాడు. పదునెనిమిదవ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తర రామాయణమును చంపువుగా రచించు నాటికి ఈ కథ కరుణరసమునకు ఆటపట్టుగా పండితులకును సామాన్యులకును ప్రియమైనది. తెలుగువారు ఉత్తరకథను వినుటకు నిరాకరింపలేదు. తమ షరతుల మీద విన్నారు.

ఆ షరతులు ఏవి? అవి రెండు తావుల స్పష్టముగా కనుపట్టును. ఒకటి సీతాపరిత్యాగమునకు చూపిన కారణము. రెండవది కథాంతము.

కారణమును మొదట చూతము. వాల్మీకి కథలో నిండుసభలో రాముడు అడుగగా, భద్రుడు అనువాడు పురజనులు వీథులలోను చత్వరములలోను ఏమనుకొనుచున్నారో విన్నవించును. అచ్చట పలికినది ఒక మనుష్యుడు కాదు, ఊరంతయు. ఈ కారణము శ్రోతకు మింగుడుపడనిది. ఊరంతయు అన్నచో తానును అందు చేరును. భాగవత నవమస్కంధమున ఊరు ఒక్క మనుష్యునిగా కుదించుకొనిపోయినది. రాత్రివేళ మారువేషమున తిరుగుచున్న రాముడు, ఒకడు తన భార్యతో పలికిన మాట వినును. వాని కులము అచ్చట లేదు. పద్మపురాణ పాతాళఖండమున వాడు రజకుడైనాడు. తెలుగునాట నాటకముల మూలమున, తరువాత చలనచిత్రముల మూలమున ఈ రూపమే పాతుకొన్నది. 1963 మార్చి 29న విడుదలయైన 'లవకుశ' చిత్రమున రేలంగి, గిరిజ చాకలి దంపతులుగా నటించిరి. పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని వచ్చి ఆ చిత్రమును చూచుట ప్రసిద్ధము. నేడు ఏ ఊర అడిగినను సీతను నిందించినవాడు చాకలి యనియే చెప్పుదురు. వాల్మీకి అట్లు చెప్పలేదు.

ఈ మార్పును కేవలము కథాసౌకర్యముగా ఎంచరాదు. రామునియందు భక్తి చెడరాదు, సీతకు జరిగినది అన్యాయమను భావము పోరాదు. ఈ రెండింటిని కాపాడుకొనుటకు శ్రోత ఒక నిందితుని వెదకెను. దొరికినవాడు ఊరి మురికిని ఉదికి బ్రదుకు పనివాడు. పురజనులందరిదైన నింద ఒక వృత్తివారి మీదికి దిగినది. శ్రోత తన దుఃఖమునకు తాను చెల్లింపవలసిన వెలను మరియొకనిచే చెల్లించెను. తరగతిగదిలో ఆ వృత్తివారి బిడ్డ కూర్చుండి వినుచున్నపుడు, ఇది కవి చెప్పినదా, వినినవారు చేర్చుకొన్నదా అను భేదము గ్రంథపరిష్కరణకు సంబంధించిన సూక్ష్మవిషయముగా మిగులదు.

ఇదే దుఃఖమునకు స్త్రీలు వేరొక కారణమును కల్పించుకొనిరి. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1955లో ప్రకటించిన స్త్రీల రామాయణపు పాటల సంపుటమును, ఆ పాటలను గూర్చి వెల్చేరు నారాయణరావు 1991లో ప్రకటించిన వ్యాసమును పరిశోధకులు ఎరుగుదురు. ఆ పాటలలో శూర్పణఖ తాపసి వేషమున వచ్చి రావణుని రూపమును వ్రాసి చూపుమని సీతను అడుగును. సీత ఏనాడును అతని మోమును చూచినది కాదు. చూచినది బొటనవ్రేలు మాత్రమే; దానినే వ్రాయును. మిగిలిన రూపమును శూర్పణఖ పూరించును. ఆ పటమే సీతకు శత్రువగును. రాముడు కినిసి శిక్ష విధింపగా అంతఃపుర స్త్రీలు, రాముని అక్కయగు శాంతతో సహా, సీత పక్షమున నిలిచి అతనిని తప్పుపట్టుదురు. ఈ పాటలలో నింద పనివాని మీదికి పోలేదు. అన్యాయము చేసినవానిని ఇంటివారే నిలదీసిరి. చాకలి కథయు బొటనవ్రేలి కథయు ఒకే అసంతృప్తినుండి పుట్టినవి. ఒకటి నిందను క్రిందికి త్రోసినది. రెండవది ప్రశ్నను పైకి పంపినది.

ఇక కథాంతము. ఎనిమిదవ శతాబ్దివాడగు భవభూతి ఉత్తరరామచరితమున సీతారాములను మరల కలిపెను. నాటకము మంగళాంతము కావలయునను నియమము దీనికి ఒక కారణము. ప్రేక్షకుని కోరిక మరియొకటి. తెలుగువారు ఈ మార్గమును విరివిగా పట్టలేదు. సి. పుల్లయ్య దర్శకత్వమున 1934లో వెలువడిన 'లవకుశ'యు, ఆయనయు కుమారుడు సి. ఎస్. రావును నడపిన 1963 నాటి చిత్రమును, 2011లో బాపు తీసిన 'శ్రీరామరాజ్యము'ను సీత భూప్రవేశమును విడువలేదు. ఏడ్చుటకు సిద్ధపడియే జనులు వచ్చిరి. కారణమును మార్చుకొన్న శ్రోత ఫలమును మార్చుకొనక పోవుట విచిత్రముగా తోచవచ్చును. సీత పుట్టింటికి పోవుటలో ఒక తిరస్కారము కలదు. చివరి మాట ఆమెది. ఆ మాటను ఆమెనుండి లాగికొనుటకు తెలుగు శ్రోత ఇష్టపడలేదని మా అభిప్రాయము.

ఆధునిక రచయితలు ఈ తీర్పునే ముందునకు నడపిరి. త్రిపురనేని రామస్వామి 'శంబుకవధ' నాటకమున ఉత్తరకాండమునందలి మరియొక బాధితుని పక్షమున నిలిచిరి. ఓల్గా 'విముక్త' కథలలో అడవిపాలైన సీత, శూర్పణఖ మొదలగు స్త్రీలను కలిసికొని తన బ్రదుకును తాను తెలిసికొనును. ఈ సంపుటమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. పాటలలో శత్రువైన శూర్పణఖ ఇచ్చట తోడైనది. వీరు ఉత్తరకాండమును తృణీకరించినవారని కొందరందురు. తృణీకరించినవాడు దానిని మూసి లేచిపోవును. వీరు కూర్చుండి బదులు చెప్పిరి.

ఈ కాండమును కావలయునని కోరినవారు ఎవరో తెలిపిన సంఘటన 1988లో జరిగినది. దూరదర్శనమున 1987 జనవరి నుండి ప్రతి ఆదివారము వచ్చిన రామానంద్ సాగర్ 'రామాయణ్' 1988 జూలై 31న ముగిసినది. అప్పుడు జలంధరు మొదలగు ఉత్తరాది పట్టణములలో పారిశుద్ధ్య కార్మికులు పని మాని, ఉత్తరకాండమును కూడ ప్రసారము చేయవలయునని పట్టుపట్టిరి. వారిలో పలువురు వాల్మీకిని తమ కులగురువుగా కొలుచువారు. ఏడు కాండములలో వాల్మీకి స్వయముగా పాత్రయై, దిక్కులేని స్త్రీకి ఆశ్రయమిచ్చి, రాజసభలో ఆమె పక్షమున సాక్ష్యము పలుకునది ఈ కాండముననే. తరువాయి భాగము ఆ ఏడే అక్టోబరున మొదలయ్యెను. 2020 ఏప్రిలులో, దేశమంతయు ఇండ్లలో మూతపడియున్న వేళ, మరల ప్రసారమయ్యెను. ఒక చోట ఊరి పనివాని మీద నింద మోపిన కథయే మరియొక చోట పనివారు తమ గౌరవచిహ్నముగా కోరుకొన్న కథయైనది. మూలము ఒకటే, వినినవారు వేరు.

ఉత్తరకాండము ప్రక్షిప్తము గాన పాఠమునకు అక్కరలేదను వాదము మన శాఖలలో తరచు వినబడును. ప్రక్షిప్తమైనను కాకున్నను, శ్రోతలు కవికి బదులు పలికిన చప్పుడు రామాయణమున ఇంత బిగ్గరగా మరియొక చోట వినబడదు. దానిని విడిచినచో చాకలి నింద వాల్మీకిదిగనే విద్యార్థుల మనసున నిలిచిపోవును. బోధించునపుడు భద్రుని వార్తను, భాగవతకథను, పాతాళఖండమును, బొటనవ్రేలి పాటను ప్రక్క ప్రక్కన నిలిపి, ఎవరు ఎవరిని నిందించిరో విద్యార్థులనే అడుగవలయును.

పరిశోధకులకు పని మరింత కలదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయ సాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధన 1958లో గ్రంథమై వెలువడినది. పాటలను సేకరించుటకు ఆ గ్రంథము బాట వేసినది. పాటను వినినవారు ఏమనిరో సేకరించుట మిగిలియున్నది. నిజామాబాదు జిల్లాలో చిరుతలు పట్టి రామాయణము ఆడు ఊళ్లు కలవు. ఆట ఎచ్చట ఆపుదురు, ఎందుకు ఆపుదురు, సీతను అడవికి పంపు కథను ఎవరి ఇంట ఎవరు పాడుదురు, చాకలి పాత్రను ఎవరు ధరింతురు, ఆ వృత్తివారు దానిని చూచి ఏమందురు అను ప్రశ్నలతో ఇందల్వాయి, డిచ్‌పల్లి, ఆర్మూరు పరిసరములలో ఒక్క సంవత్సరము తిరిగిన విద్యార్థి తెచ్చు సామగ్రి, ప్రక్షిప్తవాదమును గూర్చిన మరియొక సిద్ధాంతగ్రంథము కంటె విలువైనదగును. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగల ముసలివారు నేడు ప్రతి ఊర కొద్దిమందియే కలరు.