చలి సముద్రంలో తొలి డ్యూటీ

క్రూయిజ్ ఓడలో ఉద్యోగం అనగానే నీలి సముద్రం, తెల్ల యూనిఫాం, డాలర్ల జీతం కళ్లముందు కదులుతాయి. మరి ఆఫర్ లెటర్లో ‘అలాస్కా’ అని ఉంటే? పెట్టె సర్దుకునే ముందు, అసలు సంతకం పెట్టే ముందు, మీరు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

ఒక్క ఉదయాన్ని ఊహించుకోండి. గ్లేసియర్ బే. రెండు వైపులా మంచుకొండలు, ఎదురుగా నీలంగా మెరిసే హిమానీనదం. ప్రయాణికులంతా కెమెరాలతో పైడెక్కు మీద చేరారు. మీరు వేడి సూప్ కప్పుల ట్రేతో వాళ్ల మధ్య తిరుగుతున్నారు. ఒక పెద్దావిడ మిమ్మల్ని ఆపి అడిగింది: ‘రేపు కూడా ఇంతే చలిగా ఉంటుందా? ఏం వేసుకోమంటావు బాబూ?’ జవాబు చెబుదామంటే మీ పళ్లే టకటకలాడుతున్నాయి. యూనిఫాం లోపల ఉన్నది కాటన్ బనియన్ ఒక్కటే.

ఓడ మీద ఇదే చిక్కు. మొదటిసారి వచ్చిన ప్రయాణికుడి సందేహాలకు జవాబు చెప్పాల్సింది మీరు. మీకూ అది మొదటి ప్రయాణమే! అతను సెలవు మీద వారం రోజులు ఉండి వెళ్లిపోతాడు, మీరు నెలల తరబడి ఉంటారు. కాబట్టి అతనికంటే ముందే, అతనికంటే ఎక్కువే మీరు తెలుసుకుని ఉండాలి. హోటల్ మేనేజ్‌మెంట్, క్యులినరీ కోర్సులు చదివినవాళ్లే కాదు, ఐటీ, నర్సింగ్, రిటైల్ నేపథ్యం ఉన్నవాళ్లూ ఓడల్లో పనిచేస్తున్నారు. ఎవరికైనా ఈ ప్రశ్నలు ఒకటే.

అసలు ఎంత చలి?

అలాస్కా క్రూయిజ్ సీజన్ దాదాపు ఏప్రిల్ చివర మొదలై అక్టోబరుతో ముగుస్తుంది. అంటే అక్కడి ఎండాకాలమే. ఓడలు ఎక్కువగా సియాటిల్, వాంకూవర్ రేవుల నుంచి బయల్దేరి జూనో, స్కాగ్వే, కెచికాన్ లాంటి ఊళ్లు చుట్టి వస్తాయి. జులైలో జూనోలో పగటి వేడి 18 డిగ్రీల దాకా వెళ్తుంది. మే నెల తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరుంటుంది. ‘ఇంతేనా! లంబసింగిలో డిసెంబరు చలి ఇంకా ఎక్కువే’ అనిపిస్తుంది.

కానీ లంబసింగి కదలదు, ఓడ కదులుతుంది. 20 నాట్లు, అంటే గంటకు 37 కిలోమీటర్ల వేగంతో ఓడ వెళ్తుంటే, 5 డిగ్రీల గాలికి ఎదురుగా నిలబడ్డ మనిషికి అది సున్నా డిగ్రీల కన్నా కాస్త తక్కువలా తగులుతుంది. దానికి వాన తోడు. కెచికాన్‌లో ఏడాదికి కురిసే వాన మన విశాఖపట్నం వానకు మూడు రెట్ల పైనే. అందుకే అక్కడ అసలు శత్రువు మంచు కాదు, తడి.

లోపల కథ వేరు. ఓడలో ఏడాది పొడవునా ఏసీ నడుస్తుంది. వంటగదిలో చెమటలు కారుతాయి, రెస్టారెంట్‌లో చల్లగా ఉంటుంది, డెక్కు మీద వణుకు. ఒక్క షిఫ్టులోనే మూడు వాతావరణాలు చూడొచ్చు.

ఏం కొనాలి?

ఒక్క లావుపాటి కోటు కొనేస్తే సరిపోతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. లోపలికొస్తే ఉడుకు, బయటికెళ్తే తడి. చలిని పొరలతో ఎదుర్కోవాలి.

మొదటి పొర ఒంటికి అతుక్కుని ఉండే థర్మల్. ఉన్నిదో, సింథటిక్‌దో తీసుకోండి, కాటన్ వద్దు. కాటన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆ తడే ఒంట్లో వేడిని లాగేస్తుంది. రెండో పొర ఫ్లీస్ లేదా స్వెటర్. మూడోది వానకు తడవని, గాలిని ఆపే పల్చటి జాకెట్. వీటితో పాటు రెండు జతల ఉన్ని సాక్సులు, గ్లవ్స్, చెవులు కప్పే టోపీ. అమ్మ పెట్టిన మంకీ క్యాప్ చూసి నవ్వకండి, రేవులో దిగినప్పుడు అదే అక్కరకొస్తుంది.

ఇక్కడో తిరకాసు ఉంది. కాంట్రాక్టు ఏప్రిల్, మే నెలల్లో మొదలవుతుంది. అప్పటికి విజయవాడలో, కరీంనగర్‌లో నిప్పులు కురుస్తుంటాయి. శీతాకాలంలో మన ఊళ్లకొచ్చి స్వెటర్లు అమ్మే టిబెటన్ల దుకాణాలు ఎప్పుడో ఎత్తేసి ఉంటారు. కాబట్టి వేసవిలో వెళ్లే ఆలోచన ఉంటే డిసెంబరు, జనవరిల్లోనే కొనిపెట్టుకోండి. లేదంటే ట్రెకింగ్ సామాన్లు అమ్మే షాపులు ఏడాది పొడవునా ఉంటాయి.

యూనిఫాం సాధారణంగా కంపెనీయే ఇస్తుంది. కానీ డెక్కు మీద పనిచేసేవాళ్లకు చలి జాకెట్ ఇస్తారా, యూనిఫాం లోపల థర్మల్ వేసుకోవచ్చా, బూట్లు ఎవరు కొనాలి? ఇవి ముందే మెయిల్ పెట్టి అడగండి. అడిగితే చులకనవుతామని భయపడొద్దు. సిద్ధపడి వచ్చేవాళ్లే ఇలాంటివి అడుగుతారు.

చిన్న సంగతులు మరికొన్ని. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, సీసా బదులు వెడల్పు మూత డబ్బా తీసుకెళ్లండి. పెదాలకు, చేతులకు వ్యాసలీన్ ఉంచుకోండి. చలిలో ఫోను బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, డెక్కు మీదికి వెళ్లేటప్పుడు లోపలి జేబులో పెట్టుకోండి.

పెట్టె ఒకటే, కాలాలు రెండు

హోటల్ విభాగం కాంట్రాక్టులు ఎక్కువగా ఆరు నుంచి తొమ్మిది నెలలుంటాయి. అలాస్కా సీజన్ ఆర్నెల్లు కూడా నిండదు. సెప్టెంబరు, అక్టోబరు వచ్చేసరికి ఓడలు మెక్సికో, కరీబియన్, హవాయి లాంటి వెచ్చని దారులకు మళ్లుతాయి. మంచుకోసం సర్దిన పెట్టెతోనే మీరు ఉక్కపోతలోకి వెళ్తారు. అందుకే ‘నా కాంట్రాక్టు కాలంలో ఓడ ఎక్కడెక్కడ తిరుగుతుంది?’ అని ఆఫర్ రాగానే అడగండి. విమానంలో ఎన్ని కిలోలు అనుమతిస్తారో, క్యాబిన్‌లో ఎంతమంది ఉంటారో కూడా కనుక్కోండి. సాధారణంగా ఇద్దరు ఒక చిన్న గదిని పంచుకుంటారు. పెద్ద పెట్టె పెట్టడానికి చోటుండదు.

వంట కెటిల్, ఇస్త్రీ పెట్టె లాంటివి మాత్రం పెట్టొద్దు. అగ్ని ప్రమాదం భయంతో ఓడల్లో వీటిని లాగేసుకుంటారు. తినుబండారాలు ఏవున్నా అమెరికా కస్టమ్స్ వాళ్లకు చెప్పి తీరాలి. నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి లాంటివి ఇంట్లోనే వదిలేయండి. భారతీయులు ఎక్కువగా పనిచేసే ఓడల్లో సిబ్బంది మెస్‌లో అన్నం, కూర దొరుకుతాయి. అమ్మ చేతి రుచి దొరకదు, కడుపైతే నిండుతుంది.

ఓడ ఊగితే? వాంతులైతే?

అలాస్కా దారిలో ఎక్కువ భాగం ‘ఇన్‌సైడ్ పాసేజ్’. దీవుల చాటున సాగే నీటి బాట కాబట్టి అలలు తక్కువ. అలాస్కా గల్ఫ్ దాటే ఓడైతే ఊపు తెలుస్తుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పడం సహజమే, చాలామందికి కొద్దిరోజుల్లో అలవాటవుతుంది. ఊపు ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో తక్కువ. సిబ్బంది క్యాబిన్లు సాధారణంగా కిందే ఉంటాయి కాబట్టి అదొక వరం. వీలైతే బయటికొచ్చి దూరంగా ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తూ నిలబడండి. ఖాళీ కడుపుతో ఉండొద్దు. మాత్రలు కావాలంటే ఓడ డాక్టరును అడగండి, కొన్ని మగత తెప్పిస్తాయి.

వాంతులతో పాటు విరేచనాలు ఉంటే మాత్రం దాచొద్దు, వెంటనే వైద్య కేంద్రంలో చెప్పాలి. నోరోవైరస్ ఓడలో దావానలంలా పాకుతుంది. డ్యూటీ పోతుందని దాచిపెట్టి వడ్డన చేస్తే వందల మందికి అంటించినవాళ్లవుతారు.

బయల్దేరే ముందు పంటి డాక్టరును ఒకసారి కలవండి. నడిసముద్రంలో పిప్పిపన్ను సలిపితే పడే బాధ అంతా ఇంతా కాదు. కళ్లద్దాలుంటే రెండో జత పెట్టుకోండి.

ఈత రాదు, పర్వాలేదా?

పర్వాలేదనుకోకండి, నేర్చుకోండి. ఓడల్లో పనిచేసేవాళ్లకు ఎస్‌టీసీడబ్ల్యూ ప్రాథమిక భద్రతా శిక్షణ ఉంటుంది. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, వ్యక్తిగత భద్రత అందులో భాగాలు. లైఫ్‌జాకెట్ వేసుకుని ఎత్తు నుంచి నీళ్లలోకి దూకడం, జాకెట్ లేకుండా కాసేపు తేలడం కూడా చేయిస్తారు. శిక్షణ ఎక్కడ తీసుకోవాలో మొదట కంపెనీని అడగండి. మీరే చేరాల్సి వస్తే డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలోనే చేరండి.

చలి నీటిలో ఈత ఒక్కటే కాపాడదు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు లైఫ్‌జాకెట్లు వేసుకున్నవాళ్లు కూడా చాలామంది చనిపోయారు. వాళ్లను చంపింది గడ్డకట్టించే నీటి చలి. అందుకే ఓడలో డ్రిల్ అంటే విసుక్కోవద్దు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. అప్పుడు ప్రయాణికులు చూసేది మీ ముఖం వైపే.

నిద్ర, ఫోను, ఇల్లు

జూన్‌లో జూనోలో పగలు దాదాపు 18 గంటలుంటుంది. మీ క్యాబిన్‌కేమో చాలావరకు కిటికీ ఉండదు. పగలేదో రాత్రేదో తెలియని స్థితిలో అలారమే దిక్కు. వారాంతపు సెలవులుండవు, రోజూ డ్యూటీయే. అయితే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. పని గంటల రికార్డు మీద సంతకం పెట్టేటప్పుడు నిజంగా పనిచేసిన గంటలకే పెట్టండి.

జూనోలో రాత్రి 8 అయితే మనకు మర్నాడు ఉదయం 9:30. ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే అనుకోండి. నెట్ లేక రెండు రోజులు ఫోన్ చేయకపోయినా కంగారుపడొద్దని అమ్మానాన్నలకు చెప్పి వెళ్లండి.

అన్నింటికన్నా ముఖ్యం: డబ్బు ఎవరికి కట్టాలి?

‘లక్షన్నర కడితే నెలలో ఓడెక్కిస్తాం’ అనే మాట వినిపించిందంటే అక్కడే ఆగండి. 2015లో మన దేశం ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం ఒక మాట స్పష్టంగా చెబుతోంది: ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. పాస్‌పోర్టు, వైద్య ధ్రువపత్రం, సీడీసీ అనే నావికుడి పుస్తకం ఖర్చులు మాత్రం మీవి. వీసా ఖర్చు ఓడ యజమానిదే. అమెరికా రేవుల్లో ఓడెక్కేవాళ్లకు కావాల్సింది సీ1/డీ వీసా. ‘టూరిస్టు వీసా మీద వెళ్లు, అక్కడ మార్చుకోవచ్చు’ అన్నవాడు మిమ్మల్ని ముంచడానికి చూస్తున్నాడనే అర్థం.

మన దేశంలో ఓడ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెన్సీకి ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి తీసుకోండి. డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఏజెన్సీ పేరు, చిరునామా, గడువు సరిపోతున్నాయో మీరే చూసుకోండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో రుజువు కాదు. చలికి కోటు కొనుక్కోవచ్చు. నాన్న పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు మోసగాడి చేతికి వెళ్తే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం.

సంతకానికి ముందు

కాంట్రాక్టు కాపీ చేతికి తీసుకుని ఈ ఏడింటికి జవాబులు అందులో వెతకండి. ఓడ పేరేమిటి? ఏ దారిలో తిరుగుతుంది? ఎన్ని నెలలు? మూల జీతం ఎంత, టిప్పుల మీద ఆధారపడేది ఎంత? జబ్బు చేస్తే వైద్యం ఎవరిది? కాంట్రాక్టు పూర్తయ్యాక తిరుగు టికెట్ ఎవరిది? ఫిర్యాదు ఉంటే ఎవరికి చెప్పాలి? కాంట్రాక్టు పూర్తిచేసిన మనిషిని ఇంటికి చేర్చే బాధ్యత, వైద్యం బాధ్యత ఓడ యజమానివే. ఆ మాట కాగితం మీద కనిపించాలి.

ఇవన్నీ చూసుకుని వెళ్తే, గ్లేసియర్ బేలో ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్నకు మీరు తడుముకోరు. ‘రేపు కెచికాన్ అమ్మా, వాన ఖాయం. కోటు కంటే తడవని జాకెట్ మేలు. లోపల కాటన్ మాత్రం వద్దు’ అంటారు. సూప్ కప్పు అందిస్తున్న మీ చెయ్యి అప్పుడు వణకదు.